ఎడమ చెంప

ఆ వీధిలో అందరూ ఆయన్ని పెన్సిలు మాస్టారనే పిలుస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, కావలసినవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. ముప్పై నాలుగేళ్ళు ఫొటో స్టూడియో పెట్టుకొని, వచ్చినవాళ్ళందరి ముఖాల మీదా పెన్సిలు పెట్టి బతికిన మనిషికి ఇంతకంటే నప్పే పేరు దొరకదు.

ఆ రోజుల్లో ఫొటో తీయడం ఒక పనే కాదు, మీట నొక్కడం ఎవరికైనా వస్తుంది. మాస్టారి పనితనమంతా ఆ తర్వాత బయటపడేది. కింద నుంచి వెలుగు వచ్చే అద్దం బల్ల మీద నెగెటివ్ పరుచుకొని, కంటికి భూతద్దం ఆనించుకొని, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో మొటిమల గుంటలు పూడ్చేవారు, కళ్ళ కింది నీడలు తగ్గించేవారు, నుదుటి ముడతలు సాపు చేసేవారు. యాభై ఏళ్ళ ముఖంతో లోపలికి వచ్చినవాడు మూడో రోజున ముప్పై అయిదేళ్ళ ఫొటో పుచ్చుకొని మీసం దువ్వుకుంటూ వెళ్ళేవాడు. ఫొటో మనలా లేదే అని ఒక్కడూ వెనక్కి రాలేదు.

అలాంటి మనిషి మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే మెడలో చిన్న కెమెరా వేలాడేసుకొని వీధిలోకి వెళ్ళి, కనిపించినదాన్ని కనిపించినట్టు తీసుకొస్తున్నారు. బస్టాపులో నోరంతా తెరిచి ఆవులిస్తున్న నర్సు. చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకొని ఒంటికాలి మీద గెంతుతున్న ఆఫీసరు. గాలికి తిరగబడిన గొడుగుతో కుస్తీ పడుతున్న టైపిస్టు. తీసింది తీసినట్టే అచ్చు వేస్తారు. అంచులు కొయ్యరు, వెలుగు పెంచరు, మరక చెరపరు. ఒకాయన నడినెత్తి మీంచి కరెంటు స్తంభం మొలిచినట్టు పడితే, మొలవనీ అన్నారు. ఇంకో నియమం కూడా ఉంది. "అలాగే ఉండండి, కదలకండి" అని వీధిలో ఎవరితోనూ అనరు. స్టూడియోలో రోజుకి వందసార్లు ఆ మాట అని అని ఆయనకి దాని మీద వెగటు పుట్టింది.

అచ్చు వేసిన ఫొటోలని ముందు గది కిటికీకి అడ్డంగా రెండు తాళ్ళు కట్టి, బట్టలారేసినట్టు క్లిప్పులు పెట్టి వీధికి కనిపించేలా వేలాడదీస్తారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తారు. తమ ముఖం కనబడితే కొందరు మురిసిపోతారు, ఎక్కువమందికి మాత్రం ఒళ్ళు మండుతుంది.

"మాస్టారూ, నా పొట్ట కాస్త తగ్గించి వేయకూడదా?" అని కిళ్ళీకొట్టాయన ఒకసారి కిటికీ ఊచలు పట్టుకొని బతిమాలాడు.

"నీ పొట్ట నీదయ్యా. నేనెవర్ని తగ్గించడానికి?"

"ఇదివరకు తగ్గించేవారుగా!"

"తగ్గించేవాణ్ణి. అందుకే ఇప్పుడు తగ్గించను."

ఈ సమాధానం ఎవరికీ అర్థమయ్యేది కాదు. ముప్పై నాలుగేళ్ళు అబద్ధాలాడిన మనిషికి ముసలితనంలో నిజం మీద మోజు పుట్టిందని సందు చివర క్షవరం షాపులో నవ్వుకునేవారు. మాస్టారు ఆ నవ్వు వినీ విననట్టు దాటిపోయేవారు. అసలు సంగతి చెప్పాలంటే అక్క గురించి చెప్పాలి. ఆ ఒక్కటీ చెప్పడానికే ఆయనకి మొహం చెల్లదు.

స్టూడియో వెనక రెండు గదులు. ఒకటి అక్కది, ఒకటి ఆయనది. తల్లీ తండ్రీ పోయాక ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే బతికారు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. ఆవిడకి ఎందుకు కాలేదో చూసినవాళ్ళందరికీ తెలుసు, ఆయన ఎందుకు చేసుకోలేదో ఆయనకి తెలుసు. ఆవిడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. పొయ్యి నుంచి బెల్టు మీద వరసలుగా వచ్చే బిస్కెట్లలో విరిగినవీ మాడినవీ ఏరి పక్కన పడేయడం ఆవిడ పని. ఆ ఏరిన వాటిని పనివాళ్ళకే ఇచ్చేవారు కాబట్టి, ఆ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళ పాటు నిండు బిస్కెట్ తిన్న పాపాన ఎవరూ పోలేదు.

"మనిద్దరిదీ ఒకటే ఉద్యోగంరా," అనేది అక్క, టీలో ముక్క ముంచుకుంటూ. "లోపాలు ఏరి పారేయడం. కాకపోతే నేను ఏరినవి తినొచ్చు."

అక్కకి ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉండేది. అది మాస్టారి పుణ్యమే. ఆయనకి ఆరేళ్ళప్పుడు, అక్కకి పదకొండు. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతుంటే దాని కింద దూరిన బంతి కోసం ఈయన దూరాడు. గిన్నె ఒరిగింది. అక్క పరిగెత్తుకొచ్చి తమ్ముణ్ణి ఒక్క తోపు తోసింది. ఆ తోపుతో ఈయన వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు, నీళ్ళు ఆవిడ మీద పడ్డాయి. అమ్మ వచ్చి అడిగితే, నేనే చేయి జార్చుకున్నానంది. ఆ మాట మీదే చివరిదాకా నిలబడింది. తమ్ముడితో కూడా ఆ ఊసెత్తలేదు.

ఎత్తి ఉంటే బాగుండేదేమో. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు కాబట్టి ఈయన ఆ చెంపని చూడటమే మానేశారు. భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ అక్కకి కుడిపక్కనే కూర్చునేవారు. వీధిలో నడిస్తే కుడిపక్కనే నడిచేవారు. ఎదురుగా కూర్చొని మాట్లాడాల్సి వస్తే ఆవిడ కళ్ళకేసో, చేతిలో టీ గ్లాసుకేసో చూసేవారు. అలా యాభై అయిదేళ్ళు గడిచాయి.

ఇక ఫొటోలు. తమ్ముడికి స్టూడియో ఉంది కాబట్టి అక్కకి ఫొటోలకి కొదవలేదు. "కొంచెం ఎడమకి తిరుగక్కా. గడ్డం దించు. అలాగే ఉండు, కదలకు." ఆవిడ తిరిగేది, దించేది, కదిలేది కాదు. ఎంత తిప్పినా మచ్చ అంచు కాస్త పడేది. పడినదాన్ని రాత్రి భోజనం వేళ కాకముందే ఆయన తీసేసేవారు. ఫొటో చూపిస్తే అక్క చాలాసేపు చూసి, "బాగుంది. ఎవరో గొప్పింటావిడలా ఉన్నాను," అనేది. ఆ మాటకి మాస్టారు పొంగిపోయేవారు. అందులో 'ఎవరో' అన్న మాట ఆయన చెవిన పడలేదు.

మూడేళ్ళ కిందట ఒక వారం జ్వరంతో ఆవిడ పోయింది. ఉన్న ఫొటోల్లో మంచిది చూసి, నిలువెత్తుది చేయించి ముందు గదిలో గోడకి తగిలించారు. పదో రోజునో పన్నెండో రోజునో పాలావిడ పాలు పోస్తూ తల ఎత్తి ఆ ఫొటో చూసింది. పన్నెండేళ్ళుగా రోజూ ఆ గుమ్మం ముందు అక్కతో పావుగంట కబుర్లాడి గానీ కదలని మనిషి ఆమె.

"ఈవిడెవరండీ అన్నయ్యగారూ? మీ చుట్టాలా?" అని అడిగింది.

మాస్టారు పాలగిన్నె అందుకొని, అవునమ్మా, చుట్టాలే అని లోపలికి వచ్చేశారు. కుర్చీలో కూర్చొని, కళ్ళు మూసుకొని, అక్క ముఖాన్ని గుర్తు తెచ్చుకోబోయారు. కుడి చెంప వచ్చింది. కళ్ళు వచ్చాయి. ముక్కు, నుదుటి మీద రేగిన జుట్టు, అన్నీ వచ్చాయి. ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. మచ్చ ఉందని తెలుసు. ఎంతుంది, ఎలా ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అంటే తెలియదు. ఒకే ఇంట్లో ఒకే అన్నం తిన్న మనిషి ముఖం సగమే తెలుసునని ఆయనకి అరవై ఒకటో ఏట తెలిసింది.

ఆ మధ్యాహ్నమే పాత పెట్టెలు దించి నెగెటివ్‌లన్నీ బయటికి తీశారు. అక్కవి నలభై ఒకటి ఉన్నాయి. పెన్సిలుతో దిద్దింది ద్రావకంతో తుడిస్తే పోతుంది, అది ఆయనకి తెలిసిన విద్యే. దూది తీసుకొని ఒక్కొక్కటీ తుడిచారు. కళ్ళ కింది ముడతలు తిరిగొచ్చాయి, పెదవి పక్కన గీతలు తిరిగొచ్చాయి. చెంప మాత్రం రాలేదు. ఎందుకంటే ఆ మచ్చ తెల్లగా పాలిపోయిన మచ్చ. తెల్లటిది నెగెటివ్ మీద నల్లగా పడుతుంది, నల్లటిదాన్ని పెన్సిలుతో దిద్దలేం, సన్నటి కత్తితో గీరాలి. పెన్సిలు గీత తుడిస్తే పోతుంది గానీ గీరేసింది మళ్ళీ రాదు. నలభై ఒక్క నెగెటివ్‌ల్లోనూ ఆయన చక్కగా, శ్రద్ధగా, ఓపిగ్గా గీరేశారు.

ఎవరినైనా అడగొచ్చు కదా అంటారేమో. ఏమని అడుగుతారు? మా అక్క చెంప ఎలా ఉండేదో మీకు గుర్తుందా అనా? ఎవరి వల్ల కాలిందో ఆ మనిషే చూడలేదని ఒప్పుకోవాలి అప్పుడు. అంతకంటే నోరు మూసుకొని కెమెరా తగిలించుకోవడం నయమనిపించింది. ఇక నుంచి దేనినీ తీసేయనని అనుకొని మర్నాడు పొద్దున్నే వీధిలోకి వెళ్ళారు. మూడేళ్ళలో వేల ముఖాలు తీశారు. మచ్చలున్న ముఖం కనిపిస్తే కాస్త ఎక్కువసేపు చూసేవారు. కొందరు కసురుకునేవారు కూడా. ఇంటికొచ్చి, అచ్చు వేసి, తాడుకి తగిలించి, టీ ఒక గ్లాసే కాచుకొని తాగి పడుకునేవారు. ఇంతమంది వేలాడే ఆ ఇంట్లో మాట్లాడే గొంతు మాత్రం ఉండేది కాదు.

ఇలా ఉండగా ఒకనాటి ఉదయం గుమ్మం ముందు కేక వినబడింది.

"మాస్టారూ! మీకు నేనేం అపకారం చేశానండీ?"

నగల దుకాణం ముందు కాపలా కాసే వాచ్‌మన్. గుబురు మీసం, చేతిలో టోపీ. కోపంతో ఊగిపోతున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఏమైందా! ఆ కిటికీలో నోరు తెరుచుకొని నిద్రపోతున్న పెద్దమనిషి ఎవరో చూడండి. మా ఓనరు రోజూ ఈ దారినే వెళ్తాడు. ఒక్కసారి కారు అద్దం దించాడంటే నా ఉద్యోగం ఊడినట్టే!"

నిజమే. కుర్చీలో వెనక్కి వాలి, టోపీ మోకాలి మీద పెట్టుకొని, వాచ్‌మన్ గాఢనిద్రలో ఉన్నాడు. కుర్చీ కింద పిల్లి ఒకటి మెలకువగా ఉంది. మాస్టారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు.

"తీసేస్తానులే. లోపలికి రా."

"తీసేయడమెందుకండీ, మీసం అదీ బాగా పడింది. కళ్ళు తెరిచినట్టు దిద్దండి, చాలు. మీకదెంత పని?"

"తీసేయమంటే తీసేస్తాను. దిద్దడం మాత్రం నా వల్ల కాదు."

వాచ్‌మన్ గొణుక్కుంటూ లోపలికొచ్చాడు. మాస్టారు కుర్చీ ఎక్కి క్లిప్పు ఊడదీస్తుంటే అతను గోడ మీది నిలువెత్తు ఫొటోకేసి చూశాడు.

"ఎవరండీ ఈవిడ? సినిమాల్లో చేసేవారా?"

"మా అక్క. బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేసేది."

"అదేంటండీ, ఆ గేటు దగ్గర పదహారేళ్ళు చేశాను నేను! నాకు తెలియని మనిషి లేదక్కడ. ఈవిణ్ణి మాత్రం..." అంటూ దగ్గరికెళ్ళి, మెడ వంచి, కళ్ళు చికిలించి చూశాడు. ఆ చూపు చూస్తుండగానే ముఖం మారిపోయింది. "మాస్టారూ, విరిగినవి ఏరే సెక్షనా? చెంప కాలినావిడా?"

మాస్టారు కుర్చీ మీద అలాగే నిలబడిపోయారు. "అవును," అన్నారు.

"వార్నీ! ఈ ఫొటోతోనే కదండీ ఆవిడ నాతో పదకొండు రోజులు పేచీ పడింది!"

గుర్తింపు కార్డు కోసం అక్క చేరిన కొత్తలో మాస్టారే ఆ ఫొటో చిన్నది చేసి ఇచ్చారు. ఇంత మంచి కార్డు ఫ్యాక్టరీలో ఎవరికీ ఉండదని చెప్పి మరీ ఇచ్చారు.

"కార్డులో ముఖం ఒకటి, ఎదురుగా ముఖం ఇంకొకటి," అన్నాడు వాచ్‌మన్. "నేనప్పుడు కొత్త. పొరపాటున ఎవర్నైనా వదిలితే తోలు తీస్తానన్నాడు మా పైవాడు. ఇది మీది కాదు, మీ చెల్లెలి కార్డు పట్టుకొచ్చారా అని అడిగేశాను. రోజూ సూపర్‌వైజరు వచ్చి ఈవిడే అని సంతకం పెడితే గానీ లోపలికి పంపలేదు. అందరూ పోతుంటే ఆవిడ ఒక్కతీ గేటు పక్కన నిలబడేది. పాపం, ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది."

ఆ రోజుల్లో అక్క అరగంట ముందే ఇంటి నుంచి బయల్దేరేది. కొత్త ఉద్యోగం మీద ఎంత సరదానో అనుకున్నారు మాస్టారు. పైగా ఆటపట్టించారు కూడా.

"తర్వాత?"

"నేనే చెప్పాను. అమ్మా, ఉన్నదున్నట్టు ఉన్న ఫొటో ఒకటి తెచ్చుకో, ఇద్దరికీ ఈ బాధ తప్పుతుంది అని. అప్పుడావిడ..." వాచ్‌మన్ ఆగి టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏమంది?"

"మీరు బాధపడకూడదు."

"చెప్పవయ్యా."

"మా తమ్ముడు ఊరందరి ముఖాలూ చూస్తాడు, నా ముఖం మాత్రం చూడలేడు. వేరేచోట తీయించుకొస్తాను, ఈ సంగతి వాడికి తెలియనివ్వకండి, నొచ్చుకుంటాడు అంది. మర్నాడే మీ ఎదుటి స్టూడియోలో తీయించుకొచ్చింది. రెండిచ్చింది. ఒకటి కార్డుకి, ఒకటి ఆఫీసు ఫైలుకి."

మాస్టారు కుర్చీ దిగి అందులోనే కూర్చున్నారు. అక్కకి అంతా తెలుసు. యాభై అయిదేళ్ళూ తెలుసు. కుడిపక్కన కూర్చోవడం, టీ గ్లాసుకేసి చూడటం, అన్నీ కనిపెట్టి ఉంది, కనిపెట్టి ఆయనకి వీలుగా తల అటు తిప్పుకొని కూర్చుంది. ఆయనకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఇంకో ఆలోచన కూడా మెరిసింది. ఒక ఫొటో ఉంది. ఆయన చెయ్యి పడని ఫొటో లోకంలో ఒక్కటి ఉంది.

ఎదుటి స్టూడియో ఎప్పుడో ఫోన్ల దుకాణం అయిపోయింది, ఆ నెగెటివ్‌లు ఏ చెత్తలో కలిశాయో తెలియదు. కార్డు ఉద్యోగం మానిన రోజునే తిరిగిచ్చేసి ఉంటుంది. ఇక మిగిలింది ఫైలు. మాస్టారు ఫ్యాక్టరీకి వెళ్ళారు. మొదటి రోజు సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళ్తే తాళం చెవి ఉన్నామె రాలేదన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు రికార్డుల గుమస్తా, ముక్కుకి రుమాలు కట్టుకున్న నడివయసు ఆవిడ, ఆయన్ని ఎగాదిగా చూసి, "ఫొటో చూడటానికేనా ఇన్నిసార్లు తిరిగారు?" అంది.

"చూడటానికేనమ్మా."

గదంతా ఇనుప అరలు, వాటి నిండా గుడ్డ నాడాలతో కట్టిన ఫైళ్ళు. ఆ గదిలోకి కూడా వెన్న మాడిన తీపి వాసన వస్తోంది. రోజూ సాయంత్రం అక్క గుమ్మం దాటితే ఇంట్లోకి వచ్చే వాసన అది. మాస్టారు గోడకి ఆనుకొని నిలబడ్డారు. గుమస్తా తుమ్ముతూ, దులుపుతూ, నాలుగు అరలు వెతికి ఒక ఫైలు లాగి బల్ల మీద పెట్టింది.

నాడా విప్పారు. మొదటి కాగితం ఉద్యోగంలో చేరేటప్పటి ఫారం. అక్క రాతే, గుండ్రంగా, అక్షరం అక్షరం విడివిడిగా ఉంది. గుర్తింపు చిహ్నాలు అన్న చోట, "ఎడమ చెంప మీద కాలిన మచ్చ, చిన్నప్పటిది" అని రాసుంది. ఎలా కాలిందో రాయడానికి పక్కన బోలెడంత ఖాళీ ఉంది. అక్కడ ఏమీ రాయలేదు.

పై మూలన తుప్పు పట్టిన పిన్నుతో ఫొటో.

అక్క సూటిగా చూస్తోంది. ఎటూ తిరగలేదు, గడ్డం దించలేదు. ముప్పై ఒక్కేళ్ళ అక్క, రేగిన జుట్టుతో, ఉన్నట్టే తీయవయ్యా అన్నట్టు కెమెరాకేసి తిన్నగా చూస్తోంది. పెదవుల చివర నవ్వు ఉందా లేదా అన్నట్టుంది. ఆ ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా, ఫ్యాక్టరీ వాళ్ళ గుండ్రటి రబ్బరు ముద్ర.

సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా వేస్తారు ముద్ర, ఎవరూ ఫొటో మార్చకుండా. వేసినవాడెవడో ఒళ్ళు తెలియకుండా వేశాడు. ఇంకు ఎక్కువై ముద్దగా పడింది. మాస్టారు వంగి, జేబులోంచి భూతద్దం తీసి చూశారు. దవడ దగ్గర, ముద్ర అంచు కింద, గోరంత మేర తెల్లటి మచ్చ కొస కనిపిస్తోంది. అంతే.

"దొరికిందా?" అంది గుమస్తా.

"దొరికింది," అన్నారు మాస్టారు. "ఇది నాకిస్తారా?" అని అడిగారు.

"ఫైల్లోది బయటికి ఇవ్వకూడదండీ. కావాలంటే ఫొటో తీసుకోండి." కాగితం చుట్టుకుపోకుండా ఆవిడ బొటనవేలితో అదిమి పట్టుకుంది. వేలు కూడా ఫొటోలో పడుతుంది. జరపమని మాస్టారు అడగలేదు. పిన్ను, తుప్పు, ముద్ర, గుమస్తా వేలు, అన్నీ పడేలా తీసుకొని ఇంటికొచ్చారు.

ఇంటికొచ్చి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేశారు. ఇంకు పల్చగా పడి ఉంటే రంగు విడదీసి అడుగునున్నదాన్ని పైకి తేవచ్చు. ఇది ఫొటో పై పొరనే తినేసింది. అడుగున ఏమీ లేదు. అయినా ఆయనకి అదొక లెక్కలోది కాదు. ముద్ర తీసేసి, చెంప గీసి, దవడ దగ్గర కనిపించే కొసని పట్టుకొని పైకి ఒక మచ్చ అల్లుకుంటూ పోతే గంట పని. చూసినవాడెవడూ గీసిందని పోల్చుకోలేడు. మాస్టారి వేళ్ళు ముద్ర అంచు దాకా వెళ్ళాయి. ఏ ఆకారం గీయాలి? ఆయన గీస్తే అది నలభై రెండో అబద్ధం అవుతుంది, అంతే. కంప్యూటరు కట్టేసి చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఇంత వెతికీ ఆ చెంప ఆయనకి దక్కలేదు. అంత ఒంటరితనం అక్క పోయిన రోజున కూడా ఆయనకి తెలియలేదు.

సాయంత్రం ఫొటోని ఉన్నదున్నట్టుగా అచ్చు వేసి, కిటికీలో, వాచ్‌మన్ ఫొటో తీసేసిన చోట తగిలించారు.

మర్నాడు పొద్దున పాలావిడ వీధిలోంచే కేకపెట్టింది.

"అమ్మమ్మమ్మా, అక్కయ్యగారు! ఎక్కడ దొరికిందండీ ఈ ఫొటో? ఎంత చిన్నప్పటిదో చూడు తల్లీ!"

మాస్టారు తలుపు తీశారు. ఆమె క్యాను చేత్తో పట్టుకొనే కిటికీకి ముఖం ఆనించి చూస్తోంది.

"గుర్తుపట్టావా?"

"అదేం మాటండీ, గుర్తుపట్టకపోవడమేంటి! నన్ను పట్టుకొని కసిరే చూపు కాదూ అది? పాలలో నీళ్ళెక్కువయ్యాయంటే ఇలాగే చూసేది." పాలు పోసి, మళ్ళీ తల తిప్పింది. "ఈ దిక్కుమాలిన ముద్రొకటి అడ్డం. మీరు ఇలాంటివన్నీ తుడిపేసేవారట కదా, దాన్ని తుడిపేయకూడదూ?"

"తుడిపేయగలనమ్మా." పాలగిన్నె కిటికీ గట్టు మీద పెట్టారు. గట్టుకేసే చూస్తూ అన్నారు. "దాని కింద ఏముందో నాకు తెలియదు."

"తెలియకపోవడమేంటి అన్నయ్యగారూ! ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారుగా?"

"ఉన్నాను. చూడలేదు. అది నా వల్లే కాలింది. చిన్నప్పుడు. అందుకని చూడలేదు."

పాలావిడ క్యాను కింద పెట్టి దగ్గరికొచ్చింది. పాలు పోసిన చెయ్యి ఇంకా తడిగా ఉంది. చూపుడువేలు తన ఎడమ కంటి చివర ఆనించుకుంది.

"ఇదిగో, ఇక్కడ మొదలయ్యేది. సన్నగా ఇలా దిగి, ఇక్కడికొచ్చేసరికి నాలుగు వేళ్ళంత వెడల్పయ్యేది. ఒక పాయ చెవి వైపు పోయేది, ఇంకోటి ఇలా దవడ మీదికి. అక్కయ్యగారు నవ్వితే ఈ మధ్యలో సొట్ట పడేదండీ. ఒక చెంపకే పడేది. ఎంత బాగుండేదో! మీరదీ చూడలేదా?"

వేలు వెళ్ళినంత మేరా ఆమె చెంప మీద పాల తడి తెల్లగా నిలిచింది.

కెమెరా బల్ల మీద ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. మాస్టారు దాని జోలికి పోలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అలాగే ఉండమ్మా," అన్నారు. "కదలకు."

ఆమె కదలకుండా నిలబడింది. ఆయన ఆమెకి ఎదురుగా నిలబడి, ఆ తడి ఆరిపోయేదాకా చూశారు.